కెనాన్ 5డీ మార్క్ 3 ఉండగా కొత్త కెమెరా బాడీకి రెండు లక్షలు పెట్టాలా? పెళ్లిళ్లు తీసేవాళ్లు చెప్పండి

తెనాలి_వెలుగునీడ (తెనాలి)

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఏడేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనాన్ 5డీ మార్క్ 3 నా బాడీ (లెన్స్ కాకుండా కెమెరా). లెన్సులు 24-70 ఎఫ్ 2.8, 85 ఎఫ్ 1.8, 70-200 ఎఫ్ 2.8 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ, షార్ప్‌గా ఉండే లోతు తక్కువ). ఇన్నాళ్లూ వీటితోనే ఇల్లు గడిచింది. ఎవరితోనూ మాట పడలేదు.

కార్తీకంలో ఒక పెళ్లి తీశాను. ముహూర్తం తెల్లవారుజామున 2:47కి. జీలకర్ర బెల్లం పెట్టించి అడ్డుతెర తీసేశారు. ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకుంటున్నారు. నేను పక్కనుంచి 85తో ఎఫ్ 1.8లో వరసగా 9 ఫ్రేములు కొట్టాను. ఇంటికొచ్చి సిస్టమ్‌లో పెద్దది చేసి చూస్తే తొమ్మిదింటిలో ఒక్కదాంట్లో కూడా పెళ్లికూతురి కళ్లు షార్ప్‌గా లేవు. జడలో మల్లెపూలు మాత్రం రేకురేకూ లెక్కపెట్టొచ్చు. ఆల్బమ్ సెలెక్షన్ రోజు వాళ్ల నాన్నగారు "ఆ తెర తీసిన ఫోటో ఏది బాబూ?" అని అడిగారు. వీడియోలోంచి స్టిల్ తీసి వేశాను. ఆయన ఏమీ అనలేదు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు పుష్యమాసం, ముహూర్తాలు లేవు. మాఘంలో 9 పెళ్లిళ్లు ఒప్పుకున్నాను. కెనాన్ ఆర్6 మార్క్ 2 బాడీ తీసుకుందామని షాపులో అడిగితే రెండు లక్షలు దాటి చెబుతున్నారు. ఈఎంఐ పెట్టుకోవాలి. ఇంట్లో పాప స్కూల్ ఫీజు కూడా ఉంది, అందుకే టెన్షన్. నిజంగా అంత తేడా ఉంటుందా? వాడినవాళ్లు చెప్పండి.

---

ఓరుగల్లు_ఫ్రేమ్స్ (వరంగల్)

తమ్మీ, ఆలోచించకుండా తీసుకో. నేను 6డీ నుంచి ఆర్6 మార్క్ 2కి వచ్చి రెండేళ్లయింది, వెనక్కి చూడలేదు. కన్ను ఎక్కడుంటే ఫోకస్ అక్కడే కూర్చుంటది. కెనాన్ చెప్పిన లెక్క ప్రకారం మైనస్ 6.5 ఈవీ (మైనస్ పెరిగేకొద్దీ చీకటి) వెలుతురులో కూడా ఫోకస్ పడుతది, మీ మార్క్ 3కి అది మైనస్ 2. అడాప్టర్ పెడితే నీ ఈఎఫ్ లెన్సులన్నీ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తయ్. 85కి స్టెబిలైజేషన్ (చేతి వణుకును ఆపేది) లేదు కదా, బాడీలోనే ఉంటది కాబట్టి దానికీ వస్తది.

పైగా వీడియో. మార్క్ 3లో ఫుల్ హెచ్‌డీ దాటి లేదు, రికార్డింగ్‌లో వెంటాడే ఆటోఫోకస్ లేదు. ఇందులో 4కే 60 ఫ్రేములు. ఇప్పుడు పెళ్లివాళ్లు ముందు అడిగేది రీల్ ఎప్పుడిస్తారనే.

---

పాలమూరు_పిక్స్ (మహబూబ్‌నగర్)

నాదీ ఇదే సమస్య అన్నా, కాకపోతే నికాన్. డీ750 ఉంది, 50 ఎఫ్ 1.8డీ, 85 ఎఫ్ 1.8డీ లెన్సులు. జెడ్6 మార్క్ 2 చూస్తున్నా. నా లెన్సులు కూడా అడాప్టర్‌తో పనిచేస్తాయా?

---

కొల్లేరు_కొంగ (ఏలూరు)

పాలమూరు, జాగ్రత్త. నీ రెండు లెన్సుల్లోనూ లోపల మోటార్ లేదు. డీ750 బాడీలో ఉన్న మోటారు స్క్రూ తిప్పితే అవి ఫోకస్ అవుతున్నాయి. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ స్క్రూ లేదు. జెడ్6 మార్క్ 2 మీద పెట్టుకోవచ్చు కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. లోపలే మోటార్ ఉండి ఏఎఫ్-ఎస్ అని ఉన్న లెన్సులకు ఆ ఇబ్బంది లేదు. అంటే నీకు బాడీ ఖర్చుతో పాటు కనీసం రెండు లెన్సుల ఖర్చు కూడా ఉంది. అది కలుపుకొని లెక్క వేసుకో.

తెనాలి వారికి: నేను తీసేది పక్షుల్ని. ఉప్పలపాడులో గూడు మీదకు దిగే ఎర్రకాళ్ల కొంగ తల కిందికీ పైకీ ఊగుతుంటే కంటి మీద ఫోకస్ పట్టుకోవడానికి కొత్త బాడీ నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. కానీ నేను పక్షికి వందల ఫ్రేములు కొడతాను, అందులో ఒక్కటి చాలు. మీ పని అలాంటిది కాదు. మీకు ఆ తొమ్మిదిలోనే రావాలి.

---

గోదారి_గట్టు (రాజమండ్రి)

అబ్బాయ్, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. ఫిల్మ్ రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చనువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

నువ్వు రాసినదాంట్లో నాకు ఒక్క మాట పట్టుకుంది. కళ్లు షార్ప్‌గా లేవు, జడలో పూలు షార్ప్‌గా ఉన్నాయి అన్నావు. ఒక్క ఫ్రేములోనా, తొమ్మిదింటిలోనూ అంతేనా? చెయ్యి ఊగితే ఫ్రేమంతా ఊగుతుంది. అమ్మాయి కదిలితే ఒకసారి ముక్కు మీద, ఒకసారి చెవి మీద పడుతుంది. తొమ్మిదికి తొమ్మిదీ వెనక్కే పడిందంటే నాకు లెన్స్ మీద అనుమానం.

రెండు లక్షలు పెట్టేముందు ఒక పని చెయ్యి. పోయిన మూడు పెళ్లిళ్ల ఫోల్డర్లు తియ్యి. పారేసిన ఫోటోల్లో డూప్లికేట్లు పక్కన పెట్టి, "అయ్యో, ఇది బాగుంటే ఆల్బమ్‌లో పడేది" అనిపించేవి మాత్రం ఏరు. ఒక్కొక్కటి ఎందుకు పోయిందో కాగితం మీద గీత గియ్యి. ఫోకస్ తప్పిందా, కదిలిందా, ఫ్లాష్ వెలగలేదా, కళ్లు మూశారా. ఫోకస్ తప్పినవాటికి లెన్స్ పేరు కూడా రాయి. నీకు ఏం కొనాలో ఆ కాగితమే చెబుతుంది.

---

ఓరుగల్లు_ఫ్రేమ్స్

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ పాత బాడీలకు రోజులు అయిపోయినయ్. 2012లో వచ్చిన కెమెరా అది. ఎల్ఈడీ గోడల ముందర గీతలు పడుతున్నయ్, దానికి యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకును తట్టుకునేది) లేదు. ఆర్6 మార్క్ 2లో హై ఫ్రీక్వెన్సీ యాంటీ ఫ్లికర్ ఉంది. ఇవన్నీ లెక్కలోకి రావా?

---

గోదారి_గట్టు

వస్తాయి నాయనా. ఎవరి కాగితంలో ఎన్ని గీతలున్నాయో చూశాక వస్తాయి.

---

డల్లాస్_నాన్న (డల్లాస్)

నేను ప్రొఫెషనల్ కాదు. మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాముల కోసం ఈ చర్చ చూస్తున్నాను. పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ, దాంతో పాటు వచ్చిన కిట్ లెన్స్ ఉన్నాయి. స్టేజీ మీద తను తిరుగుతుంటే అన్నీ మసకగా వస్తున్నాయి. నేనూ బాడీ మార్చాలేమో అనుకుంటున్నాను.

---

నీలిమేఘం (హైదరాబాద్)

డల్లాస్ గారూ, మీకు బాడీ అవసరం లేదండీ. కిట్ లెన్స్ జూమ్ చేసేసరికి ఎఫ్ 5.6కి వెళ్లిపోతుంది. అదే చోట ఎఫ్ 1.8 లెన్స్ పెడితే మూడు స్టాపులకు పైగా వెలుతురు ఎక్కువ (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). 1/60 సెకనులో కొడుతున్నది 1/500లో కొట్టొచ్చు. పాప చెయ్యి, గజ్జె కూడా ఆగిపోతాయి. 50 గానీ 85 గానీ ఎఫ్ 1.8 ఒకటి కొనండి, హాల్లో మూడో వరస లోపలే కూర్చోండి.

తెనాలి తమ్ముడూ, లెక్క పెట్టావా? ఇంకో మాట. నీకు రెండో బాడీ ఏది? నీ పోస్ట్‌లో ఒక్కటే కనిపిస్తోంది.

---

తెనాలి_వెలుగునీడ

మాస్టారూ, రెండు రాత్రులు కూర్చుని లెక్క తీశాను. మీరు చెప్పినట్టే కాగితం మీద గీతలు.

మూడు పెళ్లిళ్లలో మనసు చివుక్కుమన్న ఫోటోలు మొత్తం 214. ఫోకస్ తప్పినవి 96. కదిలినవి 63. ఫ్లాష్ వెలగనివి, సగం వెలిగినవి 38. కళ్లు మూసినవి 17.

ఆ 96లో 71 ఒక్క 85తోనే. మిగతా రెండు లెన్సులకూ కలిపి 25. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ చూసుకోలేదు. 85తో తీసినవాటిలో చాలావరకు వెనక్కే పడ్డాయి, చెవి మీదో జడ మీదో.

కదిలిన 63 దాదాపు అన్నీ తలంబ్రాలప్పటివి. షట్టర్ చూస్తే 1/60, 1/80. ఆ గోలలో వెలుతురు చాలదని నేనే తగ్గించాను.

అక్కా, రెండో బాడీ లేదు. ఒకప్పుడు 550డీ ఉండేది, తమ్ముడి కొడుకుకి ఇచ్చేశాను.

---

గోదారి_గట్టు

శభాష్. ఇప్పుడు మాట్లాడుకుందాం.

63 కదిలినవి కొత్త బాడీతో బాగుపడవు. బాడీలో ఎంత స్టెబిలైజేషన్ ఉన్నా అది నీ చేతి వణుకునే ఆపుతుంది, తలంబ్రాలు పోసే చేతిని ఆపదు. షట్టర్ 1/200కి తీసుకెళ్లు, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200 పెట్టు, ఫ్లాష్ కలుపు. నూకలు గాల్లో గింజగింజగా నిలబడతాయి.

38 ఫ్లాష్‌వి. పెన్సిల్ సెల్స్ వేస్తున్నావు కదా? అవి అరిగేకొద్దీ రీసైకిల్ (ఫ్లాష్ మళ్లీ సిద్ధమవడం) నెమ్మదిస్తుంది. లిథియం బ్యాటరీ ఉన్న ఫ్లాష్ ఒకటి తీసుకో. బాడీ ధరలో పదోవంతు కూడా కాదు.

ఇక 71. మార్క్ 3 మెనూలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ (లెన్స్ ఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో సరిచేసేది) ఉంది, ఎప్పుడైనా ముట్టుకున్నావా? అద్దం ఉన్న కెమెరాలో ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, ఫోటో పడే సెన్సర్ వేరు. రెండింటికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎఫ్ 1.8లో బయటపడిపోతుంది. రెండు మీటర్ల దూరంలో 85 ఎఫ్ 1.8కి షార్ప్‌గా ఉండే లోతు ఆరు సెంటీమీటర్లు. కంటి నుంచి చెవికి అంతకంటే ఎక్కువే ఉంటుంది.

కెమెరా స్టాండ్ మీద పెట్టు. స్కేలు ఒకటి ఏటవాలుగా నిలబెట్టి, పక్కనే నీకు ఎదురుగా నిలువుగా ఒక అట్ట పెట్టు. అట్ట మీద సెంటర్ పాయింట్‌తో ఫోకస్ చేసి ఎఫ్ 1.8లో పది కొట్టు. ప్రతిసారీ ముందు ఫోకస్ చెదరగొట్టి మళ్లీ పట్టించు. పెళ్లిలో నువ్వు నిలబడే దూరంలోనే చెయ్యి. స్కేలు మీద అట్ట ఎదురుగా ఉన్న గీత షార్ప్‌గా ఉందా, వెనక గీతలా చూడు. వెనక్కి పడుతుంటే మైనస్ వైపు జరుపు.

---

సిద్ధిపేట_స్టూడియో (సిద్దిపేట)

మాస్టారు చెప్పింది 24-70కి కూడా చెయ్యి తమ్ముడూ. మార్క్ 3లో జూమ్‌కు వైడ్ ఎండ్‌కు వేరే, టెలి ఎండ్‌కు వేరే విలువ పెట్టుకోవచ్చు.

కొత్త బాడీ మీద ఇంకా మనసుంటే కొనకు, ఒక్కరోజు రెంట్‌కు తెచ్చుకో. విజయవాడలో దొరుకుతాయి. తెచ్చేటప్పుడే అడాప్టర్, రెండు బ్యాటరీలు, ఛార్జర్ అన్నీ ఉన్నాయో లేదో అక్కడే విప్పి చూసుకో, సెన్సర్ ఫోటో ఒకటి తీసి మరకలు చూపించి చెప్పు. ఒకసారి నేను చూసుకోకుండా తెస్తే, తిరిగిచ్చేటప్పుడు మచ్చ నా వల్లే అన్నారు. అడ్వాన్స్ పోయింది.

---

తెనాలి_వెలుగునీడ

మాస్టారూ, నిన్న మధ్యాహ్నం చేశాను. పాప స్కేలు, బిస్కెట్ అట్టపెట్టె, మేడ మీద గది.

పది కొడితే పదింటిలోనూ ఫోకస్ అట్ట కంటే వెనకే ఉంది, సుమారు మూడు సెంటీమీటర్లు. మైనస్ 5 పెట్టాను, దగ్గరకొచ్చింది. మైనస్ 8 దగ్గర సరిగ్గా గీత మీద కూర్చుంది. ఏడేళ్లుగా ఈ లెన్స్‌తో ఎన్ని ముఖాలు పోగొట్టుకున్నానో అనిపించి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

రాత్రి ట్యూబ్‌లైట్ ఆపేసి, హాల్లో చిన్న బల్బు వెలుతురులో మా ఆవిడను, పాపను కూర్చోబెట్టి మళ్లీ తీశాను. సెంటర్ పాయింట్‌తో 20 తీస్తే 16 కంటి మీద పడ్డాయి. ఫ్రేము అంచున ఉన్న పాయింట్‌తో 20 తీస్తే 9 మాత్రమే. సెంటర్‌తో పట్టి ఫ్రేము జరిపితే 11.

అంటే లెన్స్ తప్పు సగం, మిగతా సగం బాడీదే అనుకోవచ్చా?

---

కొల్లేరు_కొంగ

అనుకోవచ్చు. మార్క్ 3లో 61 ఫోకస్ పాయింట్లున్నా 41 మాత్రమే క్రాస్ టైప్ (నిలువు, అడ్డం గీతలు రెండూ పట్టేవి). మిగతావి ఒక దిశలో ఉన్న గీతల్నే సరిగ్గా పట్టుకుంటాయి, చీకట్లో మరీ ఇబ్బంది. ఎఫ్ 1.8లో ఫోకస్ పట్టి ఫ్రేము జరిపితే ఆ ఆరు సెంటీమీటర్ల లోతు దాటి పోవడం సహజం. ఆర్6 మార్క్ 2 లాంటి అద్దం లేని కెమెరాలో ఫోటో పడే సెన్సరే ఫోకస్ కూడా కొలుస్తుంది. అందుకే మైనస్ 8 గొడవ అక్కడ ఉండదు, అంచులో ఉన్న కన్నూ మధ్యలో ఉన్న కన్నూ దానికి ఒకటే.

---

నీలిమేఘం

తమ్ముడూ, అందరూ ఫోటో నాణ్యత గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం నీ ఒక్క బాడీ గురించే గుబులుగా ఉంది.

మార్క్ 3 షట్టర్‌కు కెనాన్ చెప్పిన ఆయుష్షు 1,50,000 క్లిక్కులు. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొని ఏడేళ్లు పెళ్లిళ్లు తీశావు. నీ షట్టర్ కౌంట్ ఎంత? అది ఫోటో ఫైల్‌లో కనిపించదు, కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. ముందు అది చూడు. ఆ లెక్క దాటగానే ఆగిపోతుందని కాదు, రెండు లక్షల క్లిక్కులు తిరిగినవీ ఉన్నాయి. కానీ రాత్రి రెండున్నరకు, పంతులుగారు మంత్రం చదువుతుంటే అది ఆగితే నీ చేతిలో ఏముంటుంది?

నాకు ఒకసారి జరిగింది. బారసాల, పేరు బియ్యంలో రాయిస్తున్నారు. కెమెరాలో ఎర్రర్ వచ్చి షట్టర్ సగంలో నిలిచిపోయింది. బ్యాగ్‌లో పాత బాడీ ఉండబట్టి అర నిమిషంలో మళ్లీ మొదలుపెట్టాను. ఆ వేలు పట్టుకుని రాయిస్తున్న తాతగారు నాలుగు నెలలకు పోయారు. ఆ ఫోటో వాళ్ల హాల్లో ఉంది.

---

తెనాలి_వెలుగునీడ

చూశాను అక్కా. 1,41,306.

---

ఓరుగల్లు_ఫ్రేమ్స్

అయితే ఇగ మాటల్లేవ్. కొత్తది రావాల్సిందే.

---

గోదారి_గట్టు

అవును, నీలిమేఘం అమ్మ చెప్పింది నిజం. నేను ఆ ప్రశ్న ముందే అడగాల్సింది. నీకు రెండో బాడీ కావాలి. ప్రశ్న మారింది కాబట్టి లెక్క కూడా మార్చుకో. ఇప్పుడున్నది తీసేసి మంచిది కొనాలా అన్నది ఒక లెక్క, పక్కన నిలబడి ధైర్యం ఇచ్చేది కొనాలా అన్నది ఇంకో లెక్క.

ఆల్బమ్ సంగతి కూడా చెబుతాను. మన ల్యాబ్‌లో ఎక్కువగా నడిచేది 12x36 షీటు. అందులో ఒక పేజీ 12x18. మార్క్ 3 ఫోటో 5760 బై 3840. పేజీ నిండా ఒక్క ఫోటో వేసినా అంగుళానికి 320 చుక్కలు. ఆర్6 మార్క్ 2 అయితే 6000 బై 4000, అంగుళానికి 333. పాత ఆర్6 అయితే 5472 బై 3648, అంగుళానికి 304. మూడూ 300 దాటాయి. ఆల్బమ్ పక్కపక్కన పెట్టి ఏ పేజీ దేనితో తీశారో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

---

ఓరుగల్లు_ఫ్రేమ్స్

ఆల్బమ్‌లో తేడా కనపడదు, ఒప్పుకుంట. కానీ నీడలు లేపినప్పుడు కనపడుతది మాస్టారూ. మార్క్ 3లో రిసెప్షన్‌కు పెళ్లికొడుకు నల్ల సూటు వేసుకుని, ఫోటో కాస్త డార్క్ పడి, ఎడిటింగ్‌లో పైకి లేపితే సూటు మీద గీతలు గీతలుగా నాయిస్ తేలుతది. కొత్త సెన్సర్లలో అది లేదు.

---

గోదారి_గట్టు

అది నిజమే. నాకూ ఎదురైంది. ఎక్స్‌పోజర్ తగ్గించి తియ్యకుండా చూసుకోవాలి ఆ కెమెరాతో.

---

సిద్ధిపేట_స్టూడియో

బాడీ ధర మీద ఇంకేమేం పడతాయో కూడా రాసుకో తమ్ముడూ. మార్క్ 3లో నువ్వు సీఎఫ్ కార్డులు వాడుతుంటావు. ఆర్6కైనా ఆర్6 మార్క్ 2కైనా రెండు స్లాట్లూ ఎస్‌డీవే, మంచి స్పీడ్ కార్డులు కనీసం నాలుగు కొనాలి. బ్యాటరీలు మాత్రం నీ పాత ఎల్‌పీ-ఈ6 కూడా సరిపోతాయి, కాకపోతే అవి పెడితే బరస్ట్ (వరసగా కొట్టే) వేగం తగ్గొచ్చు. అద్దం లేని కెమెరా కాబట్టి బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ముహూర్తానికి ముందే కొత్తది వేసుకో.

రా ఫైల్ (ఎడిటింగ్‌కు వాడే అసలు ఫైల్) సీఆర్3 రకం అవుతుంది. పాత లైట్‌రూమ్ 6 వాడుతుంటే అది తెరుచుకోదు. అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో మార్చుకోవచ్చు కానీ పెళ్లికి మూడు వేల ఫైళ్లు మార్చడమంటే రాత్రంతా సిస్టమ్ నడవాలి.

బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. నీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్ను సర్దుబాటు) వస్తుంది. లేకపోతే అదీ నీ ఖర్చే. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ చూసుకో. మొత్తం నగదు ఇస్తే ఎంతకు ఇస్తారని కూడా అడుగు, తేడా అక్కడ తెలుస్తుంది.

---

పాలమూరు_పిక్స్

కెనాన్ ఆర్8 ఎందుకు ఎవరూ చెప్పట్లేదు? సెన్సర్ ఆర్6 మార్క్ 2దే కదా, ధర చాలా తక్కువ.

---

నీలిమేఘం

సెన్సర్ అదే. కానీ కార్డు స్లాట్ ఒక్కటే. పెళ్లికి రెండు కార్డుల్లో ఒకేసారి పడాలి, ఒకటి పాడైతే రెండోది ఉండాలి. పైగా బాడీలో స్టెబిలైజేషన్ లేదు, బ్యాటరీ చిన్న ఎల్‌పీ-ఈ17, తమ్ముడి దగ్గరున్నవి పట్టవు. టూర్లకు, ఇంటికి వాడుకునేవాళ్లకు మంచి కెమెరా. ముహూర్తానికి నేను తీసుకెళ్లను.

---

తెనాలి_వెలుగునీడ

మాఘంలో మొదటి పెళ్లి నిన్న అయింది. సిద్ధిపేట అన్న చెప్పినట్టు ఆర్6 మార్క్ 2 ఒక్కరోజుకు రెంట్‌కు తెచ్చుకున్నాను. అడాప్టర్‌తో 85 దాని మీద, 24-70 మార్క్ 3 మీద. ఉన్నదున్నట్టు రాస్తాను.

అడ్డుతెర తీసే ముందు మండపం మీద పసుపు రంగు బల్బులు, వెనక ఎల్ఈడీ స్క్రీన్. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే ఫోటో ఎలా పడబోతోందో ముందే కనిపిస్తోంది, వెలుతురు తక్కువైతే కొట్టకముందే తెలిసిపోతోంది. తెర తీశారు. పెళ్లికూతురు తల కొంచెం వంచి పైకి చూసింది. నుదుట బాసికం, చెంపల మీదకు పూల జల్లి. చిన్న చతురస్రం ఆ పూల మధ్యలోంచి ఎడమ కన్ను మీద కూర్చుని కదల్లేదు. 12 కొట్టాను, 11 కంటి మీదే. ఆమె అరచేతిలో మిగిలిన జీలకర్ర గింజలు కూడా కనిపిస్తున్నాయి.

తలంబ్రాలప్పుడు అంత గొప్పగా లేదు. చేతులు, కొబ్బరిచిప్పలు ముఖాలకు అడ్డం వస్తుంటే ఒకసారి పెళ్లికొడుకు కన్ను, ఒకసారి వెనక నిలబడ్డ మేనత్త కన్ను పట్టుకుంది. అక్కడ మళ్లీ ఒక్క పాయింట్ పెట్టుకున్నాను. 1/200, ఐఎస్ఓ 3200, కొత్త లిథియం ఫ్లాష్. ఈసారి కదిలినవి మూడే, అది బాడీ వల్ల కాదు.

ఒక తప్పు చేశాను, ఎవరైనా కొత్తగా వాడితే గుర్తుంచుకోండి. చప్పుడు ఉండదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టాను. స్క్రీన్ ముందు నాలుగు ఫోటోల్లో అడ్డంగా చారలు పడ్డాయి, ఫ్లాష్ అసలు వెలగలేదు. ఈ కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్‌కు ఫ్లాష్ పనిచేయదట. వెంటనే మెకానికల్‌కు మార్చాను.

అన్నిటికంటే నన్ను ఆపింది వేరే. మార్క్ 3 మీద 70-200 పెట్టి, మైనస్ 8 సరిచేసిన 85ను కూడా కాసేపు దానికి మార్చి తీశాను. సెంటర్ పాయింట్‌తో తీసినవి ఇంచుమించు అన్నీ బాగున్నాయి. నా పాత కెమెరా అంత చెడ్డది కాదు.

---

గోదారి_గట్టు

చాలా బాగా రాశావు. ఏం అనుకుంటున్నావు?

---

తెనాలి_వెలుగునీడ

మాస్టారూ, ఇంట్లో కూర్చుని మా ఆవిడా నేనూ లెక్క వేశాం. మాఘంలో మిగిలిన 8 పెళ్లిళ్లలో వీడియో కూడా నన్నే అడిగింది ఇద్దరే. ఆ ఇద్దరి కోసం రెండు లక్షలు పెట్టలేను. రెండో బాడీ మాత్రం వెంటనే కావాలి. పాత ఆర్6 సెకండ్ హ్యాండ్‌లో లక్ష దగ్గర దొరుకుతుందని గుంటూరులో ఒకరు చెప్పారు. ఓరుగల్లు అన్నా, దాంట్లో ఏం లోటు?

---

ఓరుగల్లు_ఫ్రేమ్స్

ఫోటోకు లోటేం లేదు తమ్మీ. కన్ను ఫోకస్ ఉంది, స్టెబిలైజేషన్ ఉంది, రెండు ఎస్‌డీ స్లాట్లున్నయ్, షట్టర్ ఆయుష్షు 3,00,000. 2020లో వచ్చింది, 20 మెగాపిక్సెల్. వీడియోలో మాత్రం జాగ్రత్త. 4కే ఎక్కువసేపు తీస్తే వేడెక్కి ఆగిపోతది, ఒక క్లిప్ 29 నిమిషాల 59 సెకన్లు దాటదు. పెళ్లి మొత్తం నడిపించే వీడియోకు అది పనికిరాదు. రీల్ కోసం చిన్న చిన్న ముక్కలు తీసుకుంటే చాలు. నిజం చెప్పాలంటే నీ లెక్కకు ఇదే సరిగ్గా సరిపోతది. నేను మొదట తొందరపడి చెప్పిన.

---

సిద్ధిపేట_స్టూడియో

కొనేటప్పుడు అసలు బిల్లు చూడు, బిల్లు మీది నంబర్, బాడీ కింద నంబర్ ఒకటేనా చూడు. ఎఫ్ 16లో తెల్లగోడ తీసి మచ్చలు చూడు. రెండు స్లాట్లలో కార్డులు వేసి రెండింట్లోనూ రికార్డ్ అవుతోందా చూడు. ఫ్లాష్ పెట్టి కొట్టు. వ్యూఫైండర్ రబ్బరు, ఛార్జర్, బాడీ క్యాప్ కూడా మరిచిపోకు.

---

తెనాలి_వెలుగునీడ

కొన్నాను. 98,000. బిల్లుతో సహా. గుంటూరు వెళ్లి రెండు గంటలు కూర్చుని అన్నీ చూశాను, ఆయన కూడా విసుక్కోలేదు, టీ ఇప్పించారు. అడాప్టర్, నాలుగు ఎస్‌డీ కార్డులు, ఒక బ్యాటరీ వేరే కొన్నాను. ఈఎంఐ లేదు. పాప ఫీజు డబ్బు ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆర్6 మీద 85, మార్క్ 3 మీద 24-70. మార్క్ 3తో నేను ముహూర్తానికి ముందు వచ్చే గ్రూప్ ఫోటోలు తీస్తున్నాను, షట్టర్ మీద భారం తగ్గింది. నిన్నటి పెళ్లిలో వాటితో పాటు అప్పగింతలు కూడా అదే తీసింది. వీడియో అడిగిన ఇద్దరికీ ఆర్6 మార్క్ 2 రెంట్‌కు తెస్తున్నాను, ఆ డబ్బు ప్యాకేజీలో కలిపి చెప్పాను, ఒప్పుకున్నారు.

---

పాలమూరు_పిక్స్

అన్నా, నేనూ నా ఫోల్డర్లు తీసి లెక్క పెడుతున్నా. ఒక పెళ్లి అయింది. నాకు ఫోకస్ కంటే ఫ్లాష్ గీతలే ఎక్కువున్నాయి. జెడ్6 ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టిన.

---

డల్లాస్_నాన్న

నీలిమేఘం గారూ, 85 ఎఫ్ 1.8 కొన్నాను. శనివారం మా అమ్మాయి తరంగం చేసింది. ఇత్తడి పళ్లెం అంచు మీద కాళ్లు, తల మీద చెంబు. 1/500, ఐఎస్ఓ 3200. చెంబులో నీళ్ల చుక్క ఒకటి అంచు మీద నిలబడి ఉంది ఫోటోలో. మూడో వరసలోనే కూర్చున్నాను. చాలా కృతజ్ఞతలండీ.

---

సిద్ధిపేట_స్టూడియో

తెనాలి తమ్ముడూ, నీ సీఎఫ్ కార్డులు అమ్మేస్తావా? మా అసిస్టెంట్ దగ్గర మార్క్ 3 ఉంది, కార్డులు దొరకడం లేదు.

---

తెనాలి_వెలుగునీడ

అన్నా, నాలుగున్నాయి. రెండు నాకు ఉంచుకుంటాను, మార్క్ 3 ఇంకా పనిలోనే ఉంది. రెండు కొరియర్‌లో పంపిస్తాను, డబ్బేమీ వద్దు. అడ్రస్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు.

---

గోదారి_గట్టు

అబ్బాయ్, ఫాల్గుణం అయ్యాక ఇంకో మూడు ఫోల్డర్లు తీసి మళ్లీ గీతలు గియ్యి. ఆర్6వి వేరే కాగితం మీద. ఇక్కడే పెట్టు, చూస్తాను.

---

తెనాలి_వెలుగునీడ

అలాగే మాస్టారూ. ఈసారి మొదటి నుంచే లెన్స్ పేరు, షట్టర్ స్పీడ్ రెండూ రాస్తున్నాను.